విరిగిన సున్నా

షెన్‌జెన్‌లో హువాచియాంగ్‌బే ఎలక్ట్రానిక్స్ బజారు రెండో అంతస్తులో నా కొట్టు. పాత టెలిఫోన్ టవర్ల నుంచి ఊడబీకిన క్రిస్టల్ ఆసిలేటర్లు అమ్ముతాను. అగ్గిపెట్టెంత రేకు డబ్బీలో ఒక స్ఫటికం, దాన్ని ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచే హీటరు. ఆ వేడి తప్పితే రేడియో ఫ్రీక్వెన్సీ జారిపోయి, పిలుపు అవతలివాళ్ళకు అందదు. పైన అచ్చు చెరిగిపోయినా అది ఎన్ని వోల్టులదో, ఎన్ని మెగాహెర్ట్జ్‌దో చెప్పేస్తానని బజారంతా నా పేరే చెప్పుకుంటారు. ఆ పొగరు నాకు బాగానే ఉంది.

బేహాయ్ రేవు నుంచి యాన్‌ఫెంగ్ అనే ఆవిడ వచ్చింది. ఆమె మొగుడి చేపల పడవ తుఫానులో పోయింది. రేడియో ఒడ్డుకు కొట్టుకొచ్చింది గానీ మనిషి రాలేదు. రేడియోలోంచి మెకానిక్ తీసిచ్చిన డబ్బీని నా బల్ల మీద పెట్టింది.

"దీనివల్లే మా ఆయన పిలుపు ఎవరికీ అందలేదంట అన్నా. ఎవడు అంటగట్టాడో చెప్పు. వాడి పీక పిసుకుతా."

కరెంటు ఇచ్చాను. "వేలు పెట్టి చూడమ్మా. మంచిదైతే ఈపాటికి వేడెక్కాలి."

చాలాసేపు పెట్టింది. "చల్లగానే ఉందన్నా."

భూతద్దం కింద పెట్టి, అలవాటుగా గొప్పలు మొదలెట్టాను. "పాత అచ్చు గీకేసి కొత్తది కొట్టారు. ఈ చివరి సున్నా చూడు, కుడివైపు విరిగింది. ఎవడి యంత్రం ఇలా కొడుతుందో, దొంగ వాడే."

అనేశాకే గుర్తుపట్టాను. ఆ యంత్రం నాదే. ట్రేలోని ఇరవైలో ఒక్కటి పరీక్షించి, అన్నిటికీ అచ్చు కొట్టడం ఇక్కడ అందరూ చేసేదే. నేనూ చేశాను.

"ఎవరిదన్నా ఆ యంత్రం?"

"వందల కొట్లున్నాయమ్మా. ఎవరిదని చెప్పను?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. "పోనీలే. మా మరిది ఎల్లుండి వేటకెళ్తున్నాడు. నువ్వే చూసి మంచిదొకటి ఇయ్యి. నిన్నే నమ్ముకున్నా."

జన్మలో చేయనంత శ్రద్ధగా పరీక్షించాను. మూడు పక్కన పడేశాను. నాలుగోదాన్ని సాయంత్రం దాకా కరెంటు మీదే ఉంచి, ఫ్రీక్వెన్సీలో తేడా ఏమైనా వస్తుందేమో గంట గంటకూ చూశాను. రాలేదు. నాకు సిగ్గుగానూ ఉంది, ఊపిరి వచ్చినట్టుగానూ ఉంది.

ఆమె డబ్బీని అరచేతిలో పెట్టుకుని, "ఎంత వెచ్చగా ఉందో!" అంది. తర్వాత, నేను చూపించినట్టే, భూతద్దం కిందికి జరిపింది.

పాత డబ్బీని కూడా దాని పక్కన పెట్టి చూసింది.

"అన్నా, దీని సున్నా కూడా విరిగిందే."

ఆమె అరవలేదు, నా పీక పట్టుకోలేదు. వెచ్చని డబ్బీని బల్ల మీద పెట్టేసి, చల్లనిదాన్ని చొక్కా లోపల దాచుకుని మెట్లు దిగిపోయింది.

రెండు రోజుల తర్వాత ఆమె మరిది ఏ రేడియోతో వేటకెళ్ళాడో నాకు తెలియదు.