ఓదెలు బావ చెప్పిన బరువు

ఓదెలు బావ మొక్కజొన్న చేనులో నా ముందు గొంతుక్కూర్చుని నేలమీద పంది అడుగుజాడ పక్కన కుడిచెయ్యి పరిచి కొలుస్తున్నాడు, నాలుగు వేళ్లు, మళ్లీ నాలుగు వేళ్లు, బొటనవేలిని మాత్రం లెక్కలోకి రానివ్వకుండా అరచేతి కిందికి ముడుచుకుని. చచ్చిపోయి మూడేళ్లయిన మనిషి ఇంకా ఇదే పని చేస్తున్నాడేమిటని నాకు ఆశ్చర్యం కలగడం లేదు, విసుగు పుడుతోంది.

"నూటపది కిలోలు" అంటాడు తల ఎత్తకుండా.

"యాభై అయిదు" అంటాను.

"సూడకనే జెప్తవేందిరా కొంరా? ఎనక గోర్లు గుడ దిగినయ్, ఇగో. బరువున్నదానికే దిగుతయ్ అవి."

"తడినేల బావా అది. తడినేల మీద కుక్క నడిచినా దిగుతది."

"కుక్కకు గిట్టలుంటయా?"

"అబ్బా! మాటకు అన్న."

చేను ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోతుందో తెలియడం లేదు. ఆకులు కదులుతున్నాయి కానీ గాలి లేదు, కంకులు మా భుజాల ఎత్తున ఉన్నాయనుకుని చూస్తే మోకాళ్ల దగ్గర ఉన్నాయి, బావ వేసుకున్నది పెళ్లినాటి తెల్లచొక్కానో వేటకు పోయే ఖాకీ చొక్కానో ఎంత చూసినా తేలడం లేదు. ఆయన మాత్రం తేటగా ఉన్నాడు. ఎండకు నల్లబడిన మెడ, చెవిలో దూర్చుకున్న బీడీ ముక్క, ఎదుటివాడు ఒప్పుకునేదాకా వదలని ఆ చూపు. మా పోసక్క మొగుడు ఆయన. అడవిపందులు చేలమీద పడి పంటంతా తొక్కేస్తుంటే పంచాయతీవాళ్లు అనుమతి కాగితం రాయించి పిలిచే తుపాకి మనుషులం మా ఊళ్లో ఇద్దరమే, ఆయనా నేనూ. ఆయనకు కన్నే కాంటా. నాది అసలు కాంటా. పంటల కొనుగోలు కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా బస్తాలు తూచడమే నా పని, తూకం వెయ్యందే కన్నతల్లి మాటైనా నమ్మను.

ఆయన మాటైతే అసలే నమ్మను. వాగులో అరకిలో చేప పడితే కిలో అనేవాడు. ఇంటికి పదిమంది చుట్టాలొస్తే ఇరవైమంది అనేవాడు, అక్క ఇరవైమందికి బియ్యం నానబోసి, మిగిలిన అన్నం చూసి నెత్తి కొట్టుకునేది. ఊళ్లో ఎవరు ఎచ్చులు చెప్పినా "ఓదెలు తూకంరా వీనిది" అని నవ్వేవాళ్లు. ఆయన ఏ అంకె చెప్పినా సగం చేసుకోవడం ఊరందరికీ అలవాటైపోయింది, నాకు మరీ అలవాటైంది.

ఇప్పుడు మేము నడుస్తున్నాం, నడుస్తున్నామో చేనే మా కిందనుంచి జరుగుతోందో, చూస్తుండగానే నేల సిమెంటు అవుతుంది, కంకులు బస్తాలవుతాయి, మేం కొనుగోలు కేంద్రం రేకుల షెడ్డు కింద నా కాంటా పక్కనే నిలబడి ఉన్నాం. పందులు వరసగా వస్తున్నాయి, సరుకు తెచ్చిన రైతుల్లా ఓపికగా, ఒకదాని వెనక ఒకటి, ఏ తొందరా లేకుండా.

"తూచు" అంటాడు బావ. "ముందు నేను జెప్త, ఎనక నువ్వు తూచు. ఇయ్యాల తేలాలె."

"నాకు వేరే పని లేదా?"

"సచ్చినోనితోటి పోటీకి గుడ తీరిక లేదా నీకు?"

ఏం చేస్తాను. మొదటి పంది కాంటా ఎక్కుతుంది. బావ కళ్లు చిన్నవి చేసి చూస్తాడు.

"కాళ్లు సూడు ముందు, కడుపు సూడకు. కాళ్లు పొడుగ్గ కనవడ్డయంటే అది లేతది, యాభై దాటదు. బరువెక్కిందనుకో, కడుపు కిందికి దిగి కాళ్లు పొట్టిగైనట్టు కనవడ్తయ్. ఇది తొంభై."

నేను అంకెలు చూస్తాను. నలభై అయిదు అని ఎర్రగా వెలిగి, నేను నోరు తెరిచేలోపు తొంభై అవుతుంది, మళ్లీ నలభై అయిదు, మళ్లీ తొంభై. కాంటాను చేత్తో కొడతాను. పంది నావైపు జాలిగా చూసి దిగిపోతుంది. రెండోది ఎక్కుతుంది, దానికీ అంతే, మూడోదానికీ అంతే, ఇరవై రెండేళ్లలో ఒక్కనాడు గ్రాము తేడా రాని నా కాంటా ఈయన ముందర ఇట్లా పరువు తీస్తుంటే నాకు ఏడుపొచ్చేంత కోపంగా ఉంది.

"జర దూరం జరుగు బావా. నువ్వుంటే ఇది గుడ అబద్ధాలు నేర్చింది."

బావ నవ్వడు. బతికున్నప్పుడైతే తొడ చరుచుకుని నవ్వేవాడు. పందుల వరస వైపు చూడడం మానేసి నావైపు తిరుగుతాడు.

"గివన్ని పోనియ్. నన్ను పొడిసినదాన్ని తూచినవా, లేదా?"

షెడ్డు రేకులు లేవు ఇప్పుడు. మేం వాగు ఒడ్డున ఉన్నాం, పరికి కంపల గుబురు ముందర, పొద్దు బారెడెక్కిన వేళ, ఆ రోజు ఉన్నట్టే. ఆ రోజు ఏం జరిగిందో నాకు గుర్తు చెయ్యాల్సిన పని లేదు. బావ పేల్చిన గుండు తగిలి పంది ఈ కంపల్లో దూరింది. ఆయన దాని వెంట వచ్చి జాడ చూశాడు, కొమ్మలకు నెత్తురు ఎంత ఎత్తున అంటిందో చూశాడు, చూసి గట్టుమీద ఉన్న నాకు వినపడేలా అరిచాడు: "కొంరా! నూటయాభై ఉంటది! తుపాకి వట్టుకొని జల్ది రా!" ఆయనది ఒక్క గుండు తుపాకి, మళ్లీ నింపుకోవాలంటే టైం పడుతుంది. నేను వెంటనే పోలేదు. మనసులోనే సగం చేశాను. డెబ్బై అయిదు. గుండు తగిలిన డెబ్బై అయిదు కిలోల పంది ఈపాటికి పడిపోయి ఉంటుందనుకున్నాను. చేతిలో ఉన్న బీడీ అయిపోయేదాకా తాగాను. రెండోసారి ఆయన అరిచిన అరుపులో అంకె లేదు. నేను పరుగెత్తి పోయేసరికి పంది ఆయనమీద ఉంది, నేను కాల్చాను, అది పడింది, కానీ అప్పటికే కోర ఆయన తొడ లోపలికంటా చీల్చేసింది. ఆసుపత్రి పదకొండు కిలోమీటర్లు. ఆరో కిలోమీటరు దాటలేదు.

"ఎందుకు లేటైందిరా?" అంటాడు బావ. కోపంగా కాదు, బస్సు ఎందుకు లేటైందని అడిగినట్టు.

"బీడీ తాగిన."

"నేను నూటయాభై అని ఒర్రుతుంటే?"

"నువ్వెప్పుడు నిజం జెప్పినవని? ఒక్కనాడు, ఒక్కటంటే ఒక్కనాడు సరిగ్గ జెప్పినవా? చేపను సరిగ్గ జెప్పినవా, చుట్టాలను సరిగ్గ జెప్పినవా? ఇరవై ఏండ్లు అబద్ధాలు జెప్పి, ఆ ఒక్క దినం నిజం జెప్తివి! నాకెట్ల తెలుస్తది బావా? నిజమని ఎట్ల తెలుస్తది?"

అరుస్తున్నాను, వాగులో నీళ్లు ఆగి వింటున్నాయి. బావ నిదానంగా బీడీ ముక్కను ఒక చెవిలోంచి తీసి ఇంకో చెవిలో పెట్టుకుంటాడు.

"అయితే నిజమే జెప్పిన్నన్నట్టు" అంటాడు. "అంటే తూచినవ్."

తూచాను. మరునాడు పొద్దున అటవీశాఖవాళ్లు వచ్చి పాతిపెట్టించేలోపు, నలుగురితో ట్రాక్టరులో వేయించి కేంద్రానికి తెచ్చాను. వాళ్లు దాన్ని కాంటా మీద పడేసి ముక్కులు మూసుకుని దూరం పోయారు. అంకె నేనొక్కణ్ణే చూశాను. దినాలప్పుడు అక్క బియ్యం ఏరుతూ అడిగింది, "ఎంతుండె తమ్మీ అది?" డెబ్బై అన్నాను. ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. డెబ్బై అయితే నేను సగం చేసుకోవడం సరైనదవుతుంది, బీడీ తాగడం పెద్ద తప్పు కాకుండా పోతుంది. "డెబ్బయేనా" అంది అక్క, మళ్లీ బియ్యం ఏరుకుంది. ఆ మాట ఊళ్లోకి పోయింది. డెబ్బై కిలోల పిల్లపంది పొడిస్తే పోయాడట ఓదెలు, బతికినన్నాళ్లూ ఏనుగుల్ని కొట్టినట్టు చెప్పేవాడు, అని నవ్వుకున్నారు. అక్క ఆ తర్వాత ఆయన వేటల ఊసే ఎత్తలేదు.

"నీ చెల్లెలికి, అదే, నీ అక్కకు ఏం జెప్పినవ్?" అంటాడు బావ, కలలో ఆయనకు వరసలు కూడా తప్పుతున్నాయి.

"డెబ్బై."

"ఏందీ?"

"డెబ్బై అని జెప్పిన."

బావ లేచి నిలబడతాడు. పొడిచినందుకు పందిమీద రాని కోపం, పిలిస్తే వెంటనే పోనందుకు నామీద రాని కోపం ఇప్పుడు వస్తుంది ఆయనకు. "డెబ్బయా? డెబ్బై కిలోల పందికి నేను సచ్చిన్నా? ఆమె మూడేండ్ల సంది గదే అనుకుంటాందా? ఒరేయ్, మేకపోతుంటదిరా డెబ్బై! నువ్వు తూకపోనివా? నువ్వు కాంటాకాడ కూసునెటోనివా?"

"మేకపోతు డెబ్బై ఉండది బావా."

"ఉంటది!"

"ఉండది! ఇగో, మళ్లొకసారి..."

"మేకపోతు ముచ్చట పక్కకు వెట్టు. ఎంతుండెనో జెప్పు. సరిగ్గ జెప్పు. నేను ఇన్నంకనే పోత."

చెప్పాలనే ఉంది. మూడేళ్లుగా గొంతులో ఉన్న అంకె అది. నోరు తెరుస్తాను, "డెబ్బై" అని వస్తుంది. తల విదిలించి మళ్లీ అంటాను, "డెబ్బై". బావ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని చూస్తున్నాడు. నాలుకను పళ్లతో పట్టుకుని, వదిలి, ఒక్కో ముక్కగా చెప్పబోతాను, డెబ్బై, డెబ్బై, నా వెనక వరసలో నిలబడ్డ పందులు కూడా ఇక చాల్లేవయ్యా అన్నట్టు కాళ్లు మార్చుకుంటున్నాయి, బావ ముఖం కంపల్లోకి, కంపలు ఎండలోకి కలిసిపోతున్నాయి, నేను ఆయన చొక్కా పట్టుకుని, ఆగు బావా, ఒక్క నిమిషం ఆగు, వస్తది, చెప్తా...

"తమ్మీ! ఏందా ఒర్రుడు? లే!"

కళ్లు తెరిచాను. మధ్యాహ్నం అన్నం తిని గోనెసంచుల మీద వాలినవాణ్ణి అట్లాగే నిద్రపోయాను. రేకుల మీద ఎండ చిటపటమంటోంది. పోసక్క నిలబడి ఉంది, తలకు తువ్వాల చుట్టుకుని, ఆమె చేను మక్కల బస్తాలు ట్రాక్టరులోంచి దించి షెడ్డులో పెట్టారు. నా చేతిలో ఆమె కొంగు ఉంది, గట్టిగా పట్టుకుని ఉన్నాను.

వదిలాను. లేచి కూర్చున్నాను.

"నూట నలభై ఎనిమిది అక్కా" అన్నాను.

"ఏంది? బస్తాలా? నాయి ముప్పయ్యే గదా."

"బావను పొడిసిన పంది. నూట నలభై ఎనిమిది కిలోలుండె. ఈ కాంటా మీదనే తూచిన. నీకు డెబ్బై అని అబద్ధం జెప్పిన. బావ ఆ దినం నూటయాభై ఉంటది జల్ది రమ్మని పిలిసిండు, నేను నమ్మక బీడీ తాగుకుంట గట్టుమీదనే ఉన్న."

తిడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. తలకు చుట్టిన తువ్వాల విప్పి ముఖం తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది. వెళ్లి కాంటా అంచుమీద కూర్చుంది. ఆమె బరువుకు అంకెలు వెలిగాయి, నేను అటు చూడలేదు.

"మరునాడు గద తూచింది?" అంది చివరికి.

"ఔ."

"నెత్తురంత పోయినంక."

"ఔ అక్కా."

ఆమె తలెత్తి నావైపు చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ ఆ చూపు నాకు బాగా తెలిసిన చూపు, ఎదుటివాడు ఒప్పుకునేదాకా వదలనిది.

"గంత పందికి రెండు కిలోల నెత్తురు పోదా?" అంది.