కాటో అన్న పేరు మోసినందుకు

నేను ఒక పాస్‌పోర్టును. కంపాలాలో నన్ను అచ్చువేసిన రోజున ఎంత మురిసిపోయానో! అట్టమీద బంగారు ముద్ర, లోపల పొట్టి జుట్టుతో ఇరవై ఏళ్ల మనిషి ఫొటో. పేరు కాటో, లింగం పురుషుడు.

నా మనిషి ఊళ్లో కవలల్లో రెండో బిడ్డ మగవాడైతే కాటో అంటారు, ఆడపిల్లయితే నకాటో. తాను నకాటోనని ఆమెకు చిన్నప్పుడే తెలుసు. ఆ మాట ఒకసారి పైకి అన్నందుకు సొంత అన్నలే కొట్టి ఇంట్లోంచి గెంటేశారు.

చదువుకోసమని హైదరాబాద్ వచ్చాం. టోలీచౌకిలో ఆమె జుట్టు పెంచింది, చుడీదార్లు వేసుకుంది. నన్ను సూట్‌కేసు అడుగున దాచింది. ఒంటి రంగు చూసి వీధిలో నవ్వేవాళ్లు ఎలాగూ ఉన్నారు. నేను బయటపడితే ఇంకేం జరుగుతుందో ఆమెకు తెలుసు. ఇంటావిడ సుగుణమ్మ, "ఆడపిల్లవు, ఉండు బిడ్డా. కాగితాలు తర్వాత చూద్దాం తీ" అని పైగది ఇచ్చింది. అలా ఏడాది గడిచింది. ఆదివారాలు సుగుణమ్మ మనవరాలికి నకాటో సన్నసన్న జడలు అల్లేది.

ఒక మధ్యాహ్నం కడుపునొప్పితో నకాటో మెట్లమీద పడిపోయింది. సుగుణమ్మ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. గుర్తింపు కార్డు కావాలన్నారు. సుగుణమ్మ మళ్లీ ఇంటికి వచ్చి, సూట్‌కేసంతా వెతికి, తెరిచి చూడకుండానే నన్ను తెచ్చిచ్చింది.

కౌంటర్‌లో మనిషి నన్ను తెరిచి గట్టిగా చదివాడు. "కాటో. మేల్. ఏందమ్మా, మొగోడా?"

వరండా అంతా ఇటు తిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. స్ట్రెచర్ మీద నకాటో చున్నీతో ముఖం కప్పుకుంది.

"నాకెందుకు చెప్పలే?" అంది సుగుణమ్మ.

"చెబితే ఇల్లు ఇయ్యరని భయపడ్డా, అమ్మా."

సుగుణమ్మ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. నకాటోను మగవాళ్ల వార్డులో పడుకోబెట్టారు. చూడడానికి జనం తలుపు దగ్గర గుమిగూడారు. నేను తలగడ పక్కనే ఉన్నాను. ఆమె చాటుగా దాచుకున్నదాన్ని నలుగురిలో చదివించింది నేనే. నా మీది సిరా చెరిగిపోతే బాగుండుననిపించింది.

సాయంత్రానికి సుగుణమ్మ తిరిగొచ్చింది. ఎర్రబడ్డ కళ్లతో మంచం పక్కన నిలబడి, తన చీరకొంగు అడ్డం పట్టి గుంపును పొమ్మంది. తర్వాత నన్ను తీసుకుని కౌంటర్‌కు నడిచింది.

"పేరు నకాటో అని రాయి. ఆడోళ్ల వార్డుల ఎయ్యి."

"పాస్‌పోర్టుల గట్ల లేదమ్మా."

"ఆ పుస్తకం నా ఇంట్ల సంవత్సరం సంది పెట్టెల పడి ఉన్నది. నాతోని ఉన్నది ఈ పిల్ల. నేను చెప్తున్న, రాయి."

అతను పెన్ను తీసి రాశాడు. ఆపరేషన్ అయింది, నకాటో బతికింది. సుగుణమ్మ ఇంట్లోనే ఉంటోంది.

వచ్చే నెల వీసా గడువు పొడిగించే ఆఫీసులో ఎవరో నన్ను మళ్లీ తెరుస్తారు. ఆమె నా ఎదుటే తలవంచుకుని నిలబడుతుంది. నేను మళ్లీ కాటో అనే చెబుతాను. నాకు ఇంకో మాట రాదు.