గుట్టను మోసిన ముగ్గు డబ్బా

నేను ఒక రేకు డబ్బాను. పెద్దగా చెప్పుకోడానికేం లేదు. ఫ్యాక్టరీలో నా కడుపునిండా వనస్పతి పోశారు. బస్టాండు హోటలాయన అది వాడేసి ఉప్పు పోశాడు. ఆ హోటల్లో గిన్నెలు తోమే పెంటమ్మ నన్ను అడిగి తెచ్చుకుని ముగ్గుపిండి నింపింది. మనలో ఏముందన్నదే మనుషులకు లెక్క, మనమెవరమో అక్కర్లేదు. పోనీండి.

ఒకరోజు ఊళ్లోకి సర్వే జీపు వచ్చింది. ఊరికి ఏ వనరులున్నాయి, ఏం చేస్తే బాగుపడుతుంది, ఇదంతా ఊరివాళ్లే నేల మీద ముగ్గుతో గీసి చూపాలట. అట్లా పంచాయతీ ఆఫీసు ముందుకు చేరాను.

సర్పంచ్ కురుమూర్తి ఒక రోడ్డు, నాలుగిళ్లు గీసి చేతులు దులుపుకున్నాడు. సర్వే అంటే చాలు, 'ఏమీ లేదు' అనడం మావాళ్ల అలవాటు. ఉందంటే రేషన్ కార్డు పోతుందని భయం. పేద ఊరని రాసింది ఎవరో కాదు, మేమే చెప్పి రాయించుకున్నాం.

"మరి ఊరవతల ఆ గుట్ట?" అన్నాడు జీపులో వచ్చిన ఆఫీసరు.

"ఉత్త రాళ్లు సారూ."

"అయితే పనికిరాని భూమే. కంకర మిషన్ వాళ్లు అడుగుతున్నారు, ఇచ్చేయమని రాస్తా."

పెంటమ్మ నన్ను చంకన పెట్టుకుని లేచి సర్పంచ్ వైపు తిరిగింది.

"ఏం బావా, పొద్దుగాల నీ పెండ్లాం గంపెడు సీతాఫలాలు తెచ్చె. యాడ కాసినయ్, నీ నెత్తి మీదనా?"

ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"ఊకో పెంటమ్మా, కార్డులు కట్ చేస్తరు."

"కార్డు బియ్యమిస్తది. పండ్లు, కట్టెలు, మేకల మేత ఎవడిస్తడు, కంకరోడా?"

ఇక నాలో చేతులే చేతులు. సీతాఫలం చెట్లు, నీటి ఊట, మేకలు తిరిగే బాట, చీపురుగడ్డి. ముగ్గు ఆఫీసరు బూట్లు దాటి జీపు దాకా పోయింది.

"సారూ, జీపు జర ఎనకకు తీయుమను. మా గుట్ట పడ్తలేదు," అంది పెంటమ్మ.

డ్రైవర్ జీపు వెనక్కి తీశాడు. ఆఫీసరు రాసింది కొట్టేసి, 'ఊరి ఉమ్మడి గుట్ట. ఇవ్వరాదు. సీతాఫలం గుజ్జు తీసే కేంద్రం పెట్టవచ్చు' అని రాశాడు.

అప్పుడు కురుమూర్తి మెల్లగా వచ్చి నాలో చెయ్యి పెట్టాడు.

"గుట్ట కింద మా మేకల దొడ్డి మరిచిన్రు," అన్నాడు.

ఆ చివరి గుప్పెడూ గుట్టకే పోయింది. అడుగంటా ఖాళీ అయ్యాను. ఇంత నిండుగా నేనెప్పుడూ లేను.