ఆరో మోతకు ఒక మాట

నేను ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును. పదకొండు వందల పేజీలు, ఎర్ర గుడ్డ అట్ట. బెజవాడలో ఒక చిన్న ప్రెస్సులో పుట్టాను. నన్ను కూర్చిన పండితుడు నిశ్శబ్దమైన మనిషి. బూమ్ అనే మాట ఎదుట ‘గంభీర ధ్వని’ అని రాశాడు. థడ్ ఎదుట ‘బరువైన వస్తువు పడిన చప్పుడు’ అని రాశాడు. ఆ రెండు చప్పుళ్లూ ఆయన ఎప్పుడూ విని ఉండడు. విననిదానికి కూడా అర్థం చెప్పగలగడం మనుషుల ప్రత్యేకత.

నా మొదటి యజమాని దేవసహాయం మాస్టారు. పిట్టంత మనిషి. వెనక బెంచీకి వినిపించని గొంతు. ఆయన నా చివరి తెల్లకాగితాల మీద రెండు వరసలు రాసుకున్నాడు. ఎడమవైపు బరువైన చప్పుళ్లు: థడ్, థంప్, రంబుల్, క్రాష్, బూమ్. కుడివైపు చాలా పెద్దవాటిని చెప్పే మాటలు: హ్యూజ్, ఇమ్మెన్స్, కలోసల్, ట్రెమెండస్. ఏ పరీక్షకూ అవసరం లేని పట్టిక అది. సాయంత్రాలు గది తలుపు వేసుకుని వాటిని పెదాలు కదిలీ కదలకుండా చదువుకునేవాడు. అప్పుడు ఆయన వెన్ను కొంచెం నిటారుగా అయ్యేది. ఆయన పోయాక నేను ఒంగోలులో పాతపుస్తకాల గుట్టలోకి చేరాను. అక్కడ నన్ను సుదర్శనం కొన్నాడు.

సుదర్శనం నల్లరాయి క్వారీలో గుమాస్తా. బి.ఏ. ఆఖరి సంవత్సరం తప్పాడు. నలభై దగ్గర పడుతున్నా ఒంటరివాడు. పైఆఫీసులకు వెళ్లే కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉండాలి కాబట్టి నేను కావలసివచ్చాను. గోతి అంచున రేకుల షెడ్డు, అందులో బల్ల, బల్ల మీద నేను. నాలో ఉన్న మాటలు నిజంగా ఎలా ఉంటాయో అక్కడే తెలిసింది నాకు. రాయి పగలగొట్టే తూటా పేలినప్పుడల్లా బల్ల వణికేది. నా పేజీల మధ్య సన్నటి రాతిదుమ్ము చేరేది.

ఆ క్వారీలో మందు కాల్చేవాడు వల్లెపు గురవయ్య. రాతిలో తొలిచిన బెజ్జాల్లో మందు కూరి, ఒక్కో వత్తీ ఒక్కో పొడవున కోసి, అన్నీ ముట్టించి పైకి పరుగెత్తుకొచ్చేవాడు. అవి ఒకదాని వెనక ఒకటి పేలేవి. పేలిన వాటిని లెక్కపెట్టడం అక్కడి కట్టుబాటు. ఎన్ని ముట్టించారో అన్నీ మోగితేనే గోతిలోకి దిగాలి. ఒకటి తక్కువైతే ఎక్కడో ఒక తూటా బతికే ఉందన్నమాట. గంటసేపు ఎవరూ కదలకూడదు. అన్నీ మోగినా సరే, ముట్టించినవాడే ముందు దిగి చూడాలి. గురవయ్య పైన నిలబడి లెక్కపెట్టేవాడు. సుదర్శనం షెడ్డులో వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టి రిజిస్టరులో రాసేవాడు. ఇద్దరి లెక్కా పందొమ్మిదేళ్లు కలిసింది.

గురవయ్యకు నన్ను చూస్తే నవ్వు. “తలకింద పెట్టుకుంటే ఇంగ్లీషు చెవిలోకి కారుద్దా అయ్యా?” అనేవాడు. ఒకరోజు తూటా మోతను ఇంగ్లీషులో ఏమంటారని అడిగాడు. సుదర్శనం నన్ను తిరగేసి బూమ్ అని చెప్పాడు. “ఆవు అరిచినట్టుందే,” అన్నాడు గురవయ్య. “మా రాయి అట్టా అనదు.” పైబెజ్జం ఎలా అంటుందో, లోతుబెజ్జం ఎలా అంటుందో, రాయి లోపల నెర్రె ఉంటే మోత ఎలా బొంగురుపోతుందో నోటితో చేసి చూపించాడు. ఆ చప్పుళ్లలో ఒక్కటి కూడా నాలో లేదు. సుదర్శనం నవ్వాడు గానీ, గురవయ్య వెళ్లాక నన్ను మూసి రిజిస్టరు కింద పెట్టేశాడు. తనకు తెలిసినదంతా ఇంకొకరు రాసిపెట్టినదేనని అతనికి అప్పుడు అనిపించి ఉంటుంది.

వైశాఖంలో ఒక ఉదయం ఏడు తూటాలు ముట్టించారు. ఆరు మోగాయి. ఆరోది చాలా పెద్దగా మోగింది. నా అట్ట బల్ల అంచుదాకా జరిగింది. ఆ తర్వాత ఏమీ లేదు. సుదర్శనం కుడిచేయి పూర్తిగా ముడుచుకుంది, ఎడమచేతి బొటనవేలు ముడుచుకుంది, అక్కడే ఆగింది.

మేనేజరు బాపినీడు షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. రాయి కోసం లారీ వచ్చి ఉంది, రేవులో ఓడ ఉంది. గంట ఆగాలన్నాడు గురవయ్య. ఆఖరి మోత అంత పెద్దది వచ్చిందంటే రెండు కలిసి పేలిపోయినట్టేనన్నాడు బాపినీడు. అది లోతుబెజ్జం గనక అట్టా మోగిందన్నాడు గురవయ్య. బాపినీడు వెనక్కి తిరిగాడు.

“సుదర్శనంగారూ, చదువుకున్నోళ్లు మీరు చెప్పండి. రెండు కలిసి పోలా?”

సుదర్శనం తన చేతుల వంక చూసుకున్నాడు. వాటిని బల్ల కిందికి దించాడు.

“పెద్దదేనండి,” అన్నాడు.

అడిగినదానికి అది జవాబు కాదు. అందుకే అతను దాన్ని అనగలిగాడు. గురవయ్య అతన్ని ఒక్క క్షణం చూశాడు. “ఆరే అయ్యా,” అన్నాడు. మేనేజరు మళ్లీ లారీ మాట ఎత్తాడు. గురవయ్య గునపం తీసుకుని కట్టుబాటు ప్రకారం తనే ముందు దిగాడు. కాసేపటికి ఏడోది మోగింది.

పైఆఫీసుకు రిపోర్టు పంపాలి, ఇంగ్లీషులో. సుదర్శనం నన్ను తెరిచి మాస్టారి పట్టిక దగ్గర ఆగాడు. ఆరో మోతకు ఒక మాట కావాలి. ఏం రాయాలో బాపినీడు చెప్పి వెళ్లాడు: మోత ఎంత పెద్దదంటే రెండు కలిసి పేలాయని గురవయ్యే అనుకున్నాడు, గురవయ్యే పైకి చెప్పాడు, గురవయ్యే దిగాడు. అంటే లెక్క తప్పినవాడు చచ్చిపోయినవాడే.

అతని వేలు కుడి వరస మీద జారింది. హ్యూజ్ దగ్గర ఆగి, చాలదనుకుంది. కలోసల్ అనేది విగ్రహాలకు బాగుంటుందనుకుంది. ట్రెమెండస్ దగ్గర నిలిచిపోయింది. మొదటి చిత్తులో ఆ మాటను రెండుసార్లు కొట్టేశాడు. రెండోసారి మాట కుదురుగా కూర్చుంది. మూడోసారి రాసేటప్పుడు అతను కళ్లు మూసుకుని ఆ మోతను గుర్తు తెచ్చుకున్నాడు, అతనికి అందులో రెండు మోతలు వినిపించాయి. మాటలు జరిగినదాన్ని చెబుతాయని అంతవరకూ అనుకునేదాన్ని. అవి జ్ఞాపకంలోకి దిగి అక్కడ ఉన్నదాన్ని ఖాళీ చేయించి తామే కాపురం పెడతాయని ఆ మధ్యాహ్నం చూశాను.

పదకొండో రోజు దాటాక గురవయ్య భార్య తిరపతమ్మ వచ్చింది. షెడ్డు గడప బయటే నిలబడింది. తన భర్త గురించి ఏం రాసి పంపారో తెలుగులో చదివి చెప్పమంది. సుదర్శనం నకలు తీసి చదివాడు. ఆరో మోత బ్రహ్మాండంగా ఉందనీ, రెండు కలిసి పోయాయని గురవయ్యే అన్నాడనీ చెప్పాడు. ఒక్క ముక్క కూడా దాచలేదు. అబద్ధాన్ని అంత నిజాయితీగా చదివి వినిపించడం నేను మళ్లీ చూడలేదు.

“మా ఆయన లెక్క తప్పు జెప్పడయ్యా,” అంది ఆమె. “ఇంకేం రాసుకున్నా రాసుకోండి. ఆ ముక్క కొట్టెయ్యండి.”

పంపేసిన కాగితమని అతను అన్నాడు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు చెప్పొచ్చుగా అని ఆమె అడిగింది. అతను నా అట్ట మీది దుమ్ము తుడిచాడు.

“మీరు గూడా లెక్కబెడతారుగా. మీకెన్నొచ్చినయ్?”

“ఏడు,” అన్నాడు సుదర్శనం.

ఆమె తల ఊపింది. నమ్మినట్టు కాదు, విన్నట్టు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు కూడా అతను అదే చెప్పాడు. ఆయన ట్రెమెండస్ అనే మాట కింద గీత గీసి ఫైలు కట్టేశాడు.

బాపినీడు తిరపతమ్మకు క్వారీలోనే పని ఇచ్చాడు. దయతోనే ఇచ్చానని అతను నమ్మాడు. మందు కూరిన బెజ్జం నోటిని బంకమట్టితో బిగించాలి. కాగితాన్ని గొట్టంలా చుట్టి అందులో మట్టి నింపి ఇవ్వడం ఆమె పని. పాతపేపర్లు అయిపోయిన రోజు సుదర్శనం నన్ను తెచ్చి ఆమె బుట్టలో పడేశాడు.

“ఇది చింపుకో,” అన్నాడు.

అప్పటికి అతను నెలరోజులుగా నన్ను తెరవడం లేదు. ఉత్తరాల్లో అన్నిటినీ బిగ్ అనే రాస్తున్నాడు. తిరపతమ్మకు చదువు రాదు. చేతికి వచ్చిన చోట చింపేది. ఒక్కో పేజీ మట్టి కడుపులో పెట్టుకుని రాతిలోకి వెళ్లింది. నాకు నొప్పి తెలియదు. పలచబడటం మాత్రం తెలిసింది.

కార్తీకంలో ఒకరోజు ఏడు ముట్టించారు. కొత్త మందుమనిషి ఏసోబు పైకి వచ్చి నిలబడ్డాడు. ఆరు మోగాయి. ఆరోది పెద్దది. ఏసోబు మేనేజరు ముఖం చూశాడు. తిరపతమ్మ మట్టిచేతులతోనే లేచింది.

“ఆరే. ఎవురూ దిగబాకండి.”

ఆడదానికి లెక్కలెందుకని ఎవరో నవ్వారు. “నా మొగుడికొచ్చిన లెక్కే నాకూ వచ్చింది. నీకు ఎక్కువొస్తే నువ్వు దిగు,” అందామె. నవ్వినవాడు వెనక్కి జరిగాడు. బాపినీడు షెడ్డులోకి తిరిగి ఎన్నని అడిగాడు. గడప పక్కన బుట్టలో ఉన్న నాకు బల్ల కింద సుదర్శనం చేతులు కనిపిస్తున్నాయి. ఒకటి పూర్తిగా ముడుచుకుని ఉంది. రెండోదాని బొటనవేలు ముడుచుకుని ఉంది.

“నేను వినలేదండి,” అన్నాడు. “లెటరు రాస్తున్నా.”

తిరపతమ్మ అతనివైపు చూడలేదు. పనివాళ్లు ఒక్కొక్కరే రాళ్ల మీద కూర్చున్నారు. ఏసోబు కూడా కూర్చున్నాడు. బాపినీడు రెండుసార్లు గడియారం చూసుకుని, లారీ దగ్గరికి నడిచి, తిరిగి వచ్చాడు. ఎవరూ లేవలేదు. గంట గడిచాక ఏసోబు ఒక్కడే దిగాడు. రాతిలో బతికే ఉన్న తూటాను వెతికి, దాని పక్కనే కాస్త మందు, కొత్త వత్తి పెట్టి ముట్టించి పైకి వచ్చాడు. అది మోగింది.

సుదర్శనం రిజిస్టరు తీసి ఆ రోజు తేదీ కింద ఏడు అని రాశాడు. అది నిజమే. అతను ఎందుకో వైశాఖం పేజీకి వెనక్కి తిప్పాడు. అక్కడ కూడా, గురవయ్య దిగకముందే మోగినట్టుగా, ఏడు అనే ఉంది. అదే సిరా, అదే చేతిరాత. రెండు పేజీలనూ మార్చి మార్చి తిప్పి చూశాడు. ఏ తేడా కనిపించలేదు.