బెంచీలు లేని చర్చి

రెండు చలికాలాలు కూర్చుని ఇమొజెన్ ఆ ఊరి పాత చర్చిని, మొదట్లో ఎలా ఉండేదో అలా, కంప్యూటర్లో మళ్లీ కట్టింది. సున్నం వెనక దాగిన ఆరువందల ఏళ్లనాటి రంగుల్ని అంగుళం అంగుళం ఫోటోలు తీసి, తెరమీద ఎరుపూ పచ్చా అద్దింది. కళ్లు మండాయి, మెడ పట్టేసింది. పని ముగిసినా సంతోషించే ఓపిక మిగల్లేదు.

చర్చి తాళాలు ఎడ్విన్ లార్టర్ దగ్గరుంటాయి. ఆయనకు ఎనభై దాటాయి. ఊళ్లో ఇంకెవరూ ఆ చాకిరీకి ఒప్పుకోరు. ఆమెకు ఫ్లాస్కుతో టీ తెచ్చింది ఆయనే, నేల ఫోటోలకు అడ్డమని బెంచీలు జరిపిందీ ఆయనే. అక్కడే సంగతి బయటపడింది. బెంచీల కింద కూడా నేలమీది రాతిపలకలు జనం నడిచి నడిచి అరిగిపోయి ఉన్నాయి. అంటే ఆ కాలంలో బెంచీల్లేవు, జనం నిలబడే ప్రార్థన చేసేవాళ్లు.

ఈ మాట చెవిన పడగానే పాస్టర్ ప్రూడెన్స్ ఎగిరి గంతేసింది. బెంచీలు పీకించి లోపల కాఫీ కొట్టు పెట్టాలని ఆమెకు ఎన్నాళ్లనుంచో కోరిక. "చూశారా, మొదట్నుంచీ లేనివే!" అంటూ ఆదివారం ఓటింగు పెట్టేసింది.

శనివారం ఎడ్విన్ వచ్చి మూడో బెంచీలో కూలబడ్డాడు. పోయిన భార్య హిల్డా పక్కన ఆయన జీవితమంతా కూర్చున్న చోటది. మోకరిల్లడానికి ఆవిడ కుట్టిన దిండు ఇంకా అక్కడే ఉంది.

"పిల్లా, నీ బొమ్మలో ఒక్క వరస బెంచీలు పెట్టకూడదూ? నీ సొమ్మేం పోయింది?"

"లేనివి ఎలా పెట్టను లార్టర్ గారూ?"

"గోడమీది ఆ దేవదూత బొమ్మకి ఎడమ రెక్క చెరిగిపోయిందిగా. దానికి మాత్రం అతికించావే!"

"రెక్కకి ఆధారం ఉంది. బెంచీకి లేదు."

అంత కటువుగా అనక్కర్లేదని ఆమెకే అనిపించింది. ఆయన మాత్రం "సర్లే, నీ పని నీది" అని లేచాడు.

ఆదివారం తెల్లగుడ్డ మీద బొమ్మ పడగానే ఊరంతా నోరు తెరిచింది. "బెంచీలు తీసేద్దామనే వాళ్లు చెయ్యెత్తండి" అంది పాస్టర్. ఎవరూ ఎత్తలేదు. అందరూ ఎడ్విన్ వైపే చూస్తున్నారు.

అప్పుడు బెంచీలు లేనంత మాత్రాన ఇప్పుడు ఉండకూడదా? తన బొమ్మ ఆ మాట అనలేదే! ఇమొజెన్ లేచి అంత మాత్రం చెబితే చాలు. లేద్దామంటే అలసిన ఒళ్లు కదల్లేదు. ఆయనే వద్దంటాడులే అనుకుంది.

ఎడ్విన్ చెయ్యి ఎత్తాడు.

"నాకిష్టమై కాదు. ఈ పిల్ల అబద్ధమాడదు, నేను దగ్గరుండి చూశాను."

వెనకే చేతులన్నీ లేచాయి.

గుమ్మం దగ్గర ఆయన ఆమె భుజం తట్టాడు. "బాగా చేశావమ్మాయ్. మొహం పీక్కుపోయింది, వెళ్లి పడుకో."

ఆయన రెండు తిట్లు తిట్టి ఉంటే ఆమె నిజంగానే వెళ్లి పడుకునేది.