సారవ్వ పెట్టిన పత్యం

పెళ్లయి గోదావరిఖని క్వార్టరుకు వచ్చిన కొత్తలో మా పెరడు చూసి నాకు ఏడుపొచ్చింది. వరుసలో అందరి పెరళ్లలో బంతిపూలు, గోరింటాకు ఉంటే మా దాంట్లో అంతా గడ్డే. ఒకరోజు పార పట్టుకుని సగం చెక్కేశాను. మా అత్త సారవ్వ ఉరికొచ్చి నెత్తి కొట్టుకుంది.

"గడ్డి గాదు పిల్లా, గది దవాఖాన!"

అందులో ఆమె నాటింది ఒక్కటీ లేదు, అన్నీ వానకు మొలిచినవే. గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మికూర పప్పులోకి. ఉత్తరేణి పుల్ల పంటినొప్పికి, తిప్పతీగ జ్వరానికి. అన్నింటి పేర్లూ నాకు నేర్పింది గానీ పచ్చకామెర్లకు ఇచ్చే ఆకు పేరు మాత్రం చెప్పలేదు. పేరు బయటపడితే మందు చచ్చిపోతుందని వాళ్లమ్మ చెప్పిందట. కోడలికి కూడా దాచాలా అని నాకు ఒళ్లు మండేది.

ఆ ఆకును ఎవరితో మాట్లాడకుండా తెంపి, నూరి, మేకపాలలో కలిపి మూడు పొద్దులు పరగడుపున తాగిస్తుంది. పత్యం గట్టిది. ఉప్పు, నూనె, పులుపు బంద్. ఇంకో మందు ముట్టొద్దు. "ఒంట్ల రెండు మందులు కొట్లాడుకుంటయి" అనేది.

2009 వానాకాలంలో పక్క క్వార్టరు మక్సూద్ అన్నకు కళ్లు పచ్చబడ్డాయి. ఆయన బొగ్గు బాయిలో హాలర్ ఇంజన్ నడుపుతాడు. బొగ్గు టబ్బులను కింది నుంచి పైకి తాడుతో గుంజే ఇంజన్ అది. మా ఆయన భూపాల్ పని ఆ టబ్బుల దగ్గరే. పైన ఇంజన్ మీద చెయ్యి తప్పితే టబ్బులు వెనక్కి ఉరుకుతాయి. అడ్డమున్న మనిషి మిగలడు.

మక్సూద్ అన్నను భార్య కుబ్రా బేగం తీసుకొచ్చింది. అత్త ఎప్పటిలాగే అడిగింది.

"ఏమన్న గోలీలు మింగుతున్నవా కొడుకా? మింగుతే బంద్ వెట్టాలె."

ఆయన అక్కడే కూర్చున్న భూపాల్ వైపు ఒకసారి చూసి, "ఏం లేవవ్వా" అన్నాడు.

మూడో రోజు పొద్దున మందు తాగి తన వాకిట్లోనే విరుచుకు పడిపోయాడు. నోట్లో నురగ, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం. మెట్టు తగిలి తల పగిలింది. ఆటోలో వేసుకుని దవాఖానకు పోయారు.

మధ్యాహ్నానికల్లా నల్లా దగ్గర అందరిదీ ఒకటే మాట, సారవ్వ ఆకే ఆ మనిషిని పడగొట్టిందని. ఆమె పెరట్లో కూర తెంపుకుని తిన్న నోళ్లే, "నిప్పు లేంది పొగ వస్తదా" అన్నాయి. ఏమాకు తిన్నాడో తెలిస్తే విరుగుడు చూస్తామని డాక్టరు అడిగాడని భూపాల్ వచ్చి చెప్పాడు. అత్త నోరు విప్పలేదు.

"మనిషి పాణం పోతుంటె నీకు పేరు ముఖ్యమా?" అని నేను అరిచాను.

"నా ఆకు గట్ల జెయ్యదు" అంది. అంతే.

సాయంత్రం కుబ్రా పెరటి తలుపు నుంచి వచ్చింది. నేను వంటింట్లో ఉన్నానని ఆమెకు తెలియదు. అత్త కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది.

"ఆయనకు నాలుగేండ్ల సంది ఫిట్స్ ఉన్నయవ్వా. కరీంనగర్ల దొంగచాటుగ చూపిచ్చుకుని గోలీలు తెచ్చుకుంటడు. నీ పత్యమని మూడొద్దులు బంద్ వెట్టిండు. బాయిల తెలుస్తె అన్‌ఫిట్ అంటరు, నౌకరి పోతది. ఆకుతోనే అయిందని అనుకోనీ. నీ కాల్మొక్త, నువ్వు చెప్పకు."

అత్త ఆమె తల నిమిరి పంపించింది. నాలుగేళ్లుగా ఫిట్స్ ఉన్న మనిషి పైన, నా మొగుడు కింద! చెప్పేస్తానని లేచాను. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నోరు మూస్కో. ఇంటికొచ్చి ఏడ్చిన ఆడిదాని ముచ్చట బయటవెడతవా? అందరు నన్నంటున్నరు, అననీ."

రాత్రి భూపాల్ రెండో షిఫ్టు డ్యూటీ దిగి వచ్చాడు. అత్తే గంగవాయిలి పప్పు వడ్డిస్తోంది.

"మక్సూద్ కొద్దిగ లేచి కూసున్నడట. వారంల డ్యూటీకొస్తడు. వాడు లేక ఇంజన్ మీద కొత్తోడు ఆగం జేస్తున్నడు. వాడుంటె మాకు కింద ఫికరుండదు" అన్నాడు.

అత్త గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. కొడుకు ఇంకొంచెం వెయ్యమన్నా వినిపించుకోలేదు.

తెల్లారి పెరట్లో ఒక మొక్కను వేళ్లతో సహా పీకి కొంగులో పెట్టుకుని, నన్ను దవాఖానకు నడవమంది. వార్డులో డాక్టరు ముందున్న బల్ల మీద దాన్ని పెట్టింది.

"నేల ఉసిరి సారూ. గిదే ఇచ్చిన. ఫిట్స్ గోలీలు మింగుతుండె, నా పత్యంకే బంద్ వెట్టిండు. తప్పు నాది. ఆ మనిషిని ఇంజన్ మీదికి పంపకుండ్రి."

మక్సూద్ అన్న మంచం పక్కన నిలబడ్డ కుబ్రా అంతా విన్నది. ఫిట్స్ ఆకు వల్ల కాదు, గోలీలు ఆపడం వల్లే వచ్చాయని డాక్టరు మా ముందే చెప్పాడు. మా మీద పడ్డ మచ్చ పోయిందని నాకు సంతోషమైంది. ఆ సంతోషానికి సిగ్గూ అయింది.

మక్సూద్ అన్న బతికాడు. నౌకరి పూర్తిగా పోలేదు గానీ ఇక ఇంజన్ ముట్టనివ్వలేదు. బాయిలోకి దిగేవాళ్లకు లాంపులు అందించే పనిలో పెట్టారు. తోటివాళ్లు లాంపు తీసుకుంటూ జాలిగా చూస్తుంటే తల వంచుకుని ఇస్తాడని భూపాల్ చెప్పాడు.

కామెర్లవాళ్లు ఆ తర్వాత కూడా వచ్చారు. "పేరు బయటవడ్డది, ఇగ పన్జెయ్యది. దవాఖానకే పోండ్రి" అని అత్త వాకిట్లోంచే పంపేసేది. ఆమెకు ఆ నమ్మకం నిజంగానే ఉంది.

నెల తర్వాత, బట్టలు ఆరేస్తూ కుబ్రా గోడ అవతలి నుంచి మొదటిసారి పలికింది.

"అవ్వా, ఒక్క మాట. నీ కొడుకు గా టబ్బుల కాడ పని జెయ్యకుంటె నువ్వు చెప్తుంటివా?"

చెప్పేదాన్నే అని అననీ దేవుడా అనుకున్నాను. అత్త చేతిలోని ఆకుకూర కింద పెట్టింది.

"చెప్పకపోతుంటి బిడ్డా."

కుబ్రా తల ఊపింది. "నేనైనా గంతే అవ్వా" అని, ఖాళీ బకెట్టు తీసుకుని లోపలికి పోయి తలుపేసుకుంది.