గడప దాటని చేతులు

గుర్వమ్మను ఊరు చంపింది. ఆమె భర్త కాటమయ్య దృష్టిలో అందులో వాదించడానికేమీ లేదు. ఎనిమిదేళ్లు అతను ఆ మాటే అన్నాడు, అడిగినవాళ్లతోనూ అడగనివాళ్లతోనూ.

మర్రిగూడ దిక్కున ఉన్న ఆ ఊళ్లో నలభై దాటితే నడుములు వంగేవి, మెడలు బిగిసేవి. తాగే నీళ్లలోనే ఏదో ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఒంట్లో ఎక్కడ పట్టేసినా మారయ్య దగ్గరికే పోయేవారు. మారయ్య ఎదురుకాళ్లతో పుట్టినవాడు. అలాంటివాడు ఎడమకాలితో మూడుసార్లు తన్నితే పట్టు విడుస్తుందని నమ్మకం.

నిజానికి పట్టు తీయడం తెలిసిన చేతులు ఊళ్లో ఒక్కరివే. గూడెంలో ఉండే మంత్రసాని బిక్షమ్మవి. కాటమయ్య కూతురు జానమ్మకు బొడ్డు కోసింది ఆమే. పురిటి రోజుల్లో బిక్షమ్మ ఇంట్లోకి రావచ్చు, బాలింత ఒళ్లంతా రుద్దవచ్చు. ఇరవై ఒకటో రోజున ఇల్లు అలికి శుద్ధి చేసుకున్నాక ఆమె మళ్లీ గడప బయటి మనిషి. మైల ఉన్నన్నాళ్లూ పనికొచ్చిన చేతులు, మైల తీరగానే తామే మైల అయ్యేవి. ఇది ఆ ఒక్క ఊరి సంగతేనా అన్నది చదివేవారే చెప్పాలి.

పంతొమ్మిది వందల యాభై ఆరులో, బోనాల ముందు రోజు, నీళ్ల కుండలు ఎత్తుకొస్తున్న గుర్వమ్మకు మెడ పట్టేసింది. తల ఎడమకు ఒరిగి అక్కడే ఆగిపోయింది. బిక్షమ్మను పిలవమని భర్తను అడిగింది. అత్త లక్ష్మీనర్సమ్మ ఒప్పుకోలేదు.

"బోనం కుండకు సున్నం బూసి ఇంట్ల పెట్టిన. గియ్యాల బిక్షి ఎట్ల లోపలికొస్తది?"

కాటమయ్య తల్లికి ఎదురు చెప్పలేదు. మారయ్యకు కబురు పంపాడు.

మూడు తన్నులకూ మెడ కదలలేదు. చుట్టూ చేరిన ఆడవాళ్లలో ఒకామె, మారయ్య కాలుకు గూడ వయసొచ్చిందని నవ్వింది. అతనికి రోషం పొడుచుకొచ్చింది. చేతులతో తిప్పుతానని, భుజాలు కదలకుండా పట్టుకోమని కాటమయ్యకు చెప్పాడు. ఈలోగా సంగతి తెలిసి బిక్షమ్మ వచ్చి వీధిలో నిలబడింది.

"మెడ తిప్పకున్రి అయ్యా. గీ ఊరోళ్ల బొక్కలు ఎండుకట్టెలు. పట్టింది కండ. కండనే సడలియ్యాలె."

ఎవరూ తిరిగి చూడలేదు. కాటమయ్య ఒక్కడు చూశాడు. చూసి, భార్య భుజాలను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

చిన్న చప్పుడైంది. గుర్వమ్మ కాళ్లూ చేతులూ ఒక్కసారే చచ్చుబడ్డాయి. పదకొండు రోజులు కళ్లతో మాత్రమే బతికి, పోయింది.

ఆ తర్వాత కాటమయ్య మారయ్య ముఖం చూడలేదు. ఎవరింటి పెండ్లికీ చావుకూ పోలేదు. పొద్దున గొర్లను తోలుకుపోయి పొద్దుగూకే వేళకు తిరిగొచ్చేవాడు. ఊరు చంపింది అనేవాడు.

అరవై నాలుగులో ఒక ఉదయం, పద్నాలుగేళ్ల జానమ్మ గొర్ల దొడ్డి ఊడుస్తూ కూలబడింది. తల ఎడమకు ఒరిగింది. తల్లికి ఒరిగిన వైపే. ముసలి లక్ష్మీనర్సమ్మ మళ్లీ మారయ్యనే పిలవమంది. ఆమెకు వేరే పేరు తోచలేదు. కాటమయ్య గూడేనికి నడిచాడు.

బిక్షమ్మ గుడిసె ముందు జొన్నలు చెరుగుతోంది. చెప్పిందంతా విన్నది, లేవలేదు.

"ఏ దిక్కు నుంచి రావాలె? దొడ్డి దిక్కా?"

"తలుపు దిక్కు. రా అవ్వా."

అన్నాళ్లూ ఆమెను బిక్షీ అని పిలిచిన నోరు అది.

ఆమె గడప దాటుతుంటే పొరుగువాళ్లు వాకిట్లో మూగారు. బిక్షమ్మ ఆముదం వెచ్చ చేయించింది. ఎముక జోలికి పోలేదు. చెవి వెనక నుంచి భుజం దాకా బొటనవేలితో వెతుక్కుంటూ వచ్చి, కండలో ముడి దొరికిన చోట మెల్లగా నొక్కి పట్టింది. ఊపిరి వదలమంది. మళ్లీ రుద్దింది. తాను తిప్పనని, నొప్పి దిగిన కొద్దీ నీ అంతట నువ్వే తిప్పు బిడ్డా అని చెప్పింది. పొయ్యి మీద జొన్న గట్క ఉడికేంత సేపటికి జానమ్మ తల నిలబెట్టి తండ్రి వైపు చూసింది.

అప్పుడు కులపెద్ద ఎల్లేశం గొంతు సవరించుకున్నాడు.

"ఇల్లు మైలపడ్డది. తప్పు ఒప్పుకోవాలె కాటమయ్యా."

"ఒప్పుకుంట," అన్నాడు కాటమయ్య. "గుర్వమ్మ పోవుడుకు ఏడాది ముందు నాకు గిట్లనే మెడ పట్టింది. గొర్లు మేపుకుంట చెల్కల ఉన్న, చుట్టూ ఎవలు లేరు. గీ అవ్వ చేతులే బాగు చేసినై. బాయి కాడ తానం జేసి ఇంటికొచ్చిన. ఎవలకు చెప్పలే. గుర్వమ్మ భుజాలు పట్టుకున్ననాడు గూడ నాకెరుకే. ఊరు చంపిందని చెప్పుకుంట తిరిగిన. ఆ ఊర్ల ముందు నేనే ఉన్న."

బిక్షమ్మ తల వంచుకుని నూనె చేతులు కొంగుకు తుడుచుకుంది. చెల్కలో జరిగింది ఆమె కూడా ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

"బాగు చేసే చేతికి కులం అడిగినోడు మనిషిని చంపినోడే. గంతే. గీ ముచ్చట మల్ల నా నోట రాదు," అన్నాడు కాటమయ్య.

రాలేదు. ఊరు చంపిందన్న మాట కూడా.